ఎంఎల్‌బీ ది షో: ట్రేడ్ అడిగినా టీమ్ వదలట్లేదా? బేస్‌బాల్ కెరీర్ మోడ్‌లో అసలు మెలిక ఇదే..!

గంటలకు గంటలు కూర్చుని ప్లేయర్‌ను తయారు చేశారు. డబుల్-ఏ, ట్రిపుల్-ఏ మెట్లు ఎక్కించి మేజర్ లీగ్ దాకా తీసుకొచ్చారు. హోమ్‌రన్లు కొడుతున్నాడు.. స్టేడియం ఊగిపోతోంది. కానీ టీమ్ మాత్రం ఏటా పట్టికలో అట్టడుగునే ఉంటోంది. ఇక చాలు, వేరే టీమ్‌కు పంపించండి అని అడుగుదామంటే దారి కనిపించదు. కనిపించినా పని జరగదు. ఎంఎల్‌బీ ది షో కెరీర్ మోడ్ ఆడేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే చిక్కే ఇది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. బేస్‌బాల్‌లో మాత్రం అడిగినా పెట్టరు! ఇది గేమ్‌లో లోపం అని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి వేరే ఉంది. అమెరికాలో నిజమైన బేస్‌బాల్ ప్లేయర్ల పరిస్థితి కూడా దాదాపు ఇంతే. ఆ రూల్స్ ఒక్కసారి అర్థమైతే గేమ్‌లో టీమ్ మారే దారి కూడా దొరుకుతుంది. ఆ మెలిక ఏంటో, ఏం చేస్తే పని అవుతుందో ఇప్పుడు చూద్దాం.

అసలేంటీ 'రోడ్ టు ది షో'?

ఎంఎల్‌బీ అంటే మేజర్ లీగ్ బేస్‌బాల్. 30 టీమ్‌లు.. ఒక్కో టీమ్‌కు సీజన్‌లో 162 మ్యాచ్‌లు. ఈ లీగ్ ఆధారంగా సోనీకి చెందిన శాన్ డియాగో స్టూడియో ఏటా తెచ్చే గేమే 'ఎంఎల్‌బీ ది షో'. 2006లో మొదలైన ఈ సిరీస్ చాలా ఏళ్లు ప్లేస్టేషన్‌కే పరిమితమైంది. 2021లో ఎక్స్‌బాక్స్‌కు, 2022లో నింటెండో స్విచ్‌కు వచ్చింది.

ఇందులోని కెరీర్ మోడ్ పేరు 'రోడ్ టు ది షో'. కింది స్థాయి లీగుల్లో ఆడే కుర్రాళ్లు మేజర్ లీగ్‌ను ముద్దుగా 'ది షో' అని పిలుచుకుంటారు. అక్కడికి చేరే ప్రయాణమే ఈ మోడ్. 2025 ఎడిషన్‌లో హైస్కూల్, కాలేజీ దశలు కూడా చేర్చారు.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన పాయింట్ ఒకటుంది. ఈ మోడ్‌లో మీరు ఓనర్ కాదు, మేనేజర్ కాదు. ఒకే ఒక్క ప్లేయర్. మీ బ్యాటింగ్, మీ ఫీల్డింగ్ వరకే మీ చేతిలో ఉంటుంది. మిమ్మల్ని ఎవరికి ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి అనేది టీమ్ ఆఫీసులో కూర్చున్న జనరల్ మేనేజర్ నిర్ణయం. గేమ్‌లో ఆ కుర్చీలో ఉండేది కంప్యూటర్. టీమ్ మారడం కష్టంగా అనిపించడానికి మొదటి కారణం ఇదే.

ఐపీఎల్ లెక్క వేరు.. ఎంఎల్‌బీ లెక్క వేరు

మన వాళ్లకు ట్రేడ్ అనగానే ఐపీఎల్ గుర్తొస్తుంది. 2023 నవంబర్‌లో హార్దిక్ పాండ్యా గుజరాత్ టైటాన్స్ నుంచి ముంబై ఇండియన్స్‌కు వెళ్లింది ట్రేడ్‌లోనే. అయితే ఐపీఎల్‌లో ట్రేడ్ జరగాలంటే ఆ ప్లేయర్ సరే అనాలి. అతని సమ్మతి లేకుండా ఫ్రాంచైజీలు మార్చుకోలేవు.

ఎంఎల్‌బీలో అలా కాదు. ఒక్కసారి కాంట్రాక్ట్ మీద సంతకం పెడితే, ఆ కాంట్రాక్ట్‌నే టీమ్ ఇంకో టీమ్‌కు ఇచ్చేయొచ్చు. ప్రత్యేక హక్కు ఉంటే తప్ప ప్లేయర్‌ను అడగాల్సిన పని లేదు. పొద్దున ఒక ఊళ్లో ప్రాక్టీస్ చేసినవాడు సాయంత్రానికి దేశం ఆ చివరన ఉన్న ఊరికి ఫ్లైట్ ఎక్కాల్సి రావచ్చు. ఇంకోవైపు, వెళ్లాలని ఉన్నవాడిని టీమ్ ఏళ్ల తరబడి పట్టి ఉంచుకోవచ్చు కూడా.

ట్రేడ్‌లకు టైమ్ కూడా ఉంటుంది. సీజన్ మధ్యలో, సాధారణంగా జులై నెలాఖరుకు ట్రేడ్ డెడ్‌లైన్ వస్తుంది. కప్పు మీద ఆశ ఉన్న టీమ్‌లు ఆ లోపు ప్లేయర్లను కొనుక్కుంటాయి. ఆశ వదులుకున్న టీమ్‌లు స్టార్లను ఇచ్చేసి కుర్రాళ్లను తీసుకుంటాయి. ఆ తర్వాత మళ్లీ పెద్ద ట్రేడ్‌లు చూడాలంటే సీజన్ ముగిసేదాకా ఆగాల్సిందే.

ఆరేళ్ల గడియారం

ఇప్పుడు అసలు మెలిక దగ్గరికి వద్దాం. దాని పేరు సర్వీస్ టైమ్. అంటే మేజర్ లీగ్ జట్టులో ప్లేయర్ గడిపిన రోజుల లెక్క. 172 రోజులు పూర్తయితే ఒక ఏడాది సర్వీస్ కింద రాస్తారు. అలా ఆరేళ్లు నిండితేనే, చేతిలో వేరే కాంట్రాక్ట్ లేకపోతే, ప్లేయర్ ఫ్రీ ఏజెంట్ అవుతాడు. అప్పుడే 30 టీమ్‌లలో నచ్చిన దానితో మాట్లాడుకోగలడు.

ఆ ఆరేళ్లూ అతను టీమ్ గుప్పిట్లోనే ఉంటాడు. మొదటి మూడేళ్లు జీతం దాదాపుగా టీమ్ చెప్పినంతే. ఆ తర్వాత జీతం దగ్గర పేచీ వస్తే మధ్యవర్తి దగ్గరికి వెళ్లొచ్చు. కానీ మధ్యవర్తి తేల్చేది జీతం వరకే.. టీమ్ మార్చే అధికారం ఆయనకు లేదు.

ఈ లెక్కలో ఒక్క రోజు ఎంత ముఖ్యమో చెప్పడానికి క్రిస్ బ్రయంట్ కథ చాలు. 2015లో చికాగో కబ్స్ అతన్ని సీజన్ మొదలైన రోజున కాకుండా ఏప్రిల్ 17న మేజర్ లీగ్‌లోకి తీసుకుంది. దాంతో ఆ ఏడాది అతని ఖాతాలో పడింది 171 రోజులు. సరిగ్గా ఒక్క రోజు తక్కువ! అదే ఏడాది అతను బెస్ట్ రూకీ అవార్డు గెలిచాడు. మరుసటి ఏడాది లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా నిలిచాడు. కబ్స్‌కు కప్పు తెచ్చిన జట్టులో కీలకమయ్యాడు. అయినా ఆ ఒక్క రోజు వల్ల ఫ్రీ ఏజెన్సీ ఏడాది వెనక్కి పోయింది. దీనిపై అతను చేసిన ఫిర్యాదును 2020లో మధ్యవర్తి కొట్టేశారు.

తర్వాత జరిగింది ఇంకా ఆసక్తికరం. ఆ అదనపు ఏడాదిలోనే, 2021 జులై 30న, కబ్స్ అతన్ని శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కు ట్రేడ్ చేసింది. 171 రోజుల లెక్క లేకపోతే అప్పటికే అతను ఫ్రీ ఏజెంట్ అయ్యేవాడు. ఎక్కడ ఆడాలో తనే తేల్చుకునేవాడు.

అడిగితే ఏమైందంటే..

సరే, గట్టిగా అడిగితే వదులుతారా? పిట్స్‌బర్గ్ పైరేట్స్ అవుట్‌ఫీల్డర్ బ్రయన్ రేనాల్డ్స్ 2022 డిసెంబర్‌లో అదే చేశాడు. తనను ట్రేడ్ చేయమని అడిగిన విషయం బయటికొచ్చింది. అప్పటికి అతనిపై టీమ్‌కు ఇంకా మూడు సీజన్ల హక్కు ఉంది. దాంతో పైరేట్స్ తొందరపడలేదు, వదల్లేదు. చివరికి 2023 ఏప్రిల్‌లో అదే టీమ్‌తో ఎనిమిదేళ్లకు 10.67 కోట్ల డాలర్లకు పైగా విలువైన కాంట్రాక్ట్ కుదిరింది. మన లెక్కలో రూ.870 కోట్ల పైమాటే. ట్రేడ్ అడిగినవాడు అక్కడే సెటిల్ అయ్యాడు. డబ్బు వచ్చింది కానీ టీమ్ మారలేదు.

హువాన్ సోటో విషయంలో సీన్ రివర్స్. 2022లో వాషింగ్టన్ నేషనల్స్ అతనికి 15 ఏళ్లకు 44 కోట్ల డాలర్లు ఇస్తామంది. అప్పటి మారకంలో దాదాపు రూ.3,500 కోట్లు. అతను వద్దన్నాడు. సంతకం పెట్టనివాడు ఎప్పుడో ఒకప్పుడు వెళ్లిపోతాడని టీమ్‌కు అర్థమైంది. అతను వెళ్లేలోపే మంచి బేరం చేసుకోవాలనుకుంది. ఆగస్టు 2న శాన్ డియాగో పాడ్రెస్‌కు పంపి, బదులుగా జేమ్స్ వుడ్, సీజే అబ్రమ్స్, మెకెంజీ గోర్ లాంటి కుర్రాళ్లను తీసుకుంది. 2023 డిసెంబర్‌లో అతను మళ్లీ ట్రేడ్ అయి న్యూయార్క్ యాంకీస్‌కు వెళ్లాడు. ఫ్రీ ఏజెంట్ అయ్యాక 2024 డిసెంబర్‌లో న్యూయార్క్ మెట్స్‌తో 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు.

ఇద్దరి మధ్య తేడా గమనించారా? రేనాల్డ్స్ నోటితో అడిగాడు. సోటో సంతకం పెట్టలేదు. టీమ్‌ను కదిలించింది ఆ రెండోదే.

'వద్దు' అనే హక్కు వెనుక ఓ త్యాగం

ఇంకో కోణం కూడా ఉంది. వెళ్లాలని లేకపోతే ఆపుకునే వీలుందా? ఉంది. కానీ అది ఊరికే రాలేదు. 1969 అక్టోబర్‌లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ తమ సీనియర్ ప్లేయర్ కర్ట్ ఫ్లడ్‌ను ఫిలడెల్ఫియా ఫిల్లీస్‌కు ట్రేడ్ చేసింది. 12 సీజన్లు ఒకే టీమ్‌కు ఆడిన ఫ్లడ్ వెళ్లనన్నాడు. మనుషుల్ని వస్తువుల్లా కొని అమ్మే పద్ధతేంటని ప్రశ్నించాడు. కోర్టుకెక్కాడు. 1970 సీజన్ మొత్తం ఆట వదులుకున్నాడు. 1972లో అమెరికా సుప్రీంకోర్టు 5-3 తేడాతో అతనికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. అప్పటికే అతని కెరీర్ ముగిసిపోయింది.

కేసు ఓడినా దారి తెరుచుకుంది. ఆ తర్వాత '10-5 హక్కు' అమల్లోకి వచ్చింది. మేజర్ లీగ్‌లో పదేళ్ల సర్వీస్, అందులో చివరి ఐదేళ్లు ఒకే టీమ్‌లో ఉన్న ప్లేయర్‌ను అతని అనుమతి లేకుండా ట్రేడ్ చేయకూడదు. 1975 చివర్లో మరో కేసులో మధ్యవర్తి ఇచ్చిన తీర్పుతో ఫ్రీ ఏజెన్సీకి తలుపులు తెరుచుకున్నాయి. వీటితో పాటు, పేరున్న ప్లేయర్లు కాంట్రాక్ట్‌లోనే 'నో ట్రేడ్' నిబంధన రాయించుకుంటారు. 2024 డిసెంబర్‌లో నోలన్ అరెనాడో హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కు వెళ్లే ట్రేడ్‌ను ఆపింది ఆ నిబంధనతోనే.

అంటే బేస్‌బాల్‌లో ప్లేయర్‌కు బలం ఇచ్చేవి రెండే.. గడిచిన సర్వీస్, కాంట్రాక్ట్‌లో రాసుకున్న మాట. గేమ్ ఆడేవాళ్లు పట్టుకోవాల్సిన పాయింట్ కూడా ఇదే.

మరి గేమ్‌లో ఏం చేయాలి?

1. ముందు ఏజెంట్‌తో మాటలు చూడండి: కెరీర్ మోడ్‌లో ఏజెంట్‌తో జరిగే సంభాషణలను చాలామంది బటన్ నొక్కి దాటేస్తుంటారు. అది పొరపాటు. టీమ్ మీద అసంతృప్తి చెప్పే అవకాశం వస్తే ఆ మాటల్లోనే వస్తుంది. ఎడిషన్ మారినప్పుడల్లా మెనూలు మారుతుంటాయి. ఒక ఏడాది వీడియోలో చూసిన బటన్ ఇంకో ఏడాది గేమ్‌లో ఉండకపోవచ్చు. అందుకే ట్రిక్ వీడియో చూసేముందు అది ఏ ఏడాది ఎడిషనో చెక్ చేసుకోవాలి. అడిగే ఆప్షన్ దొరికినా అది విన్నపమే తప్ప ఆర్డర్ కాదు.

2. కాంట్రాక్ట్ ఏళ్లు లెక్కపెట్టండి: పెద్ద అంకె చూసి ఎక్కువ ఏళ్ల కాంట్రాక్ట్‌కు ఓకే కొట్టేస్తే, నచ్చని టీమ్‌లో అన్నేళ్లూ ఇరుక్కున్నట్టే. టీమ్ మారాలనే ఆలోచన ఉంటే తక్కువ ఏళ్ల ఆఫర్‌కే మొగ్గు చూపాలి. గేమ్‌లోనూ కొత్త ప్లేయర్ చేతికి వెంటనే స్వేచ్ఛ రాదు. కాస్త ఓపిక పట్టి కాంట్రాక్ట్ ముగిసేదాకా ఆగితే, నచ్చిన టీమ్‌కు వెళ్లే అసలైన ఛాన్స్ అప్పుడే వస్తుంది. ట్రేడ్ కోసం పడిగాపులు కాయడం కన్నా ఇదే నమ్మకమైన దారి.

3. వెళ్లాలనుకున్న టీమ్‌లో ఖాళీ ఉందా?: మీరు షార్ట్‌స్టాప్ అనుకుందాం. వెళ్లాలనుకున్న టీమ్‌లో ఆ స్థానంలో అప్పటికే సూపర్ స్టార్ ఉంటే మిమ్మల్ని ఎందుకు తీసుకుంటుంది? ఏ టీమ్‌లో ఏ స్థానానికి ఎవరున్నారో, వాళ్ల వయసెంతో, రేటింగ్ ఎంతో ఒకసారి చూడండి. వయసు మీదపడిన ప్లేయర్ ఉన్న చోటే అవకాశం ఎక్కువ. అవసరమైతే వేరే స్థానంలో ఆడటం అలవాటు చేసుకోవాలి. రెండు చోట్ల ఆడగలిగేవాడికి గిరాకీ కూడా రెండింతలు.

4. కావాలని చెత్తగా ఆడొద్దు: 'సరిగ్గా ఆడకపోతే వాళ్లే వదిలించుకుంటారు' అనే ఐడియా చాలామందికి వస్తుంది. ఇది మొదటికే మోసం. ఆట పడిపోతే ముందు బెంచ్, ఆ తర్వాత మళ్లీ మైనర్ లీగ్. పైగా మీ విలువ పడిపోయాక ఇంకో టీమ్ మాత్రం ఎందుకు అడుగుతుంది? ట్రేడ్ అంటే అవతలి టీమ్ ఏదో ఒకటి ఇచ్చి మిమ్మల్ని తీసుకోవడం. ఇవ్వాలనిపించేలా ఆడితేనే ఇస్తుంది.

5. డెడ్‌లైన్ మర్చిపోవద్దు: జులైలో మీ టీమ్ ఓటముల్లో ఉండి, మీరు ఫామ్‌లో ఉంటే కదలిక వచ్చే సమయం అదే. ఆ నెలలో మ్యాచ్‌లను సిమ్యులేట్ చేసి దాటేయకుండా మీరే ఆడి అంకెలు పెంచుకోవడం మేలు. డెడ్‌లైన్ దాటాక ఆశ పెట్టుకోవడం దండగ. అప్పుడిక సీజన్ ముగిసేదాకా ఆటమీదే దృష్టి పెట్టాలి.

6. ఇవేవీ వద్దా? ఫ్రాంచైజ్ మోడ్ ఉంది: నచ్చిన జెర్సీలో ప్లేయర్‌ను చూసుకోవడమే మీ కోరికైతే కెరీర్ మోడ్‌తో కుస్తీ పట్టాల్సిన పని లేదు. ఫ్రాంచైజ్ మోడ్‌లో జనరల్ మేనేజర్ కుర్చీ మీదే. 30 టీమ్‌ల కంట్రోల్ మీరే తీసుకుంటే ట్రేడ్‌లో రెండు వైపులా మీరే ఉంటారు. అయితే అక్కడ మీరు టీమ్‌ను నడుపుతారు. ఒక్క ప్లేయర్ జీవితాన్ని మెట్టు మెట్టుగా ఎక్కించే కిక్ మాత్రం ఉండదు.

మారేముందు ఒక్కసారి ఇది గుర్తు చేసుకోండి

2015 జులై 29. న్యూయార్క్ మెట్స్ సొంత గ్రౌండ్. మ్యాచ్ నడుస్తోంది. షార్ట్‌స్టాప్ స్థానంలో ఉన్న విల్మర్ ఫ్లోరెస్ కళ్లు తుడుచుకుంటున్నాడు. అతన్ని మిల్వాకీ బ్రూవర్స్‌కు ట్రేడ్ చేశారన్న వార్త అప్పటికే సోషల్ మీడియాలో చక్కర్లు కొట్టింది. స్టాండ్స్‌లో ఉన్నవాళ్లు ఫోన్లలో చూసి, అతనికి వీడ్కోలు చెబుతూ చప్పట్లు కొట్టారు. టీమ్ చెప్పకముందే జనం ద్వారా అతనికి విషయం తెలిసింది. 16 ఏళ్ల వయసులో ఆ టీమ్‌తో సంతకం చేసిన వెనిజులా కుర్రాడు అతను. గ్రౌండ్‌లోనే ఏడ్చేశాడు. ఆ వీడియో ఇప్పటికీ మొబైళ్లలో తిరుగుతూనే ఉంది.

ట్విస్ట్ ఏంటంటే.. ఆ ట్రేడ్ చివరి నిమిషంలో ఆగిపోయింది. రెండు రోజుల తర్వాత, జులై 31న, అదే గ్రౌండ్‌లో 12వ ఇన్నింగ్స్‌లో ఫ్లోరెస్ హోమ్‌రన్ కొట్టి మ్యాచ్ గెలిపించాడు. జెర్సీ మీద టీమ్ పేరును పిడికిట పట్టుకుని హోమ్ ప్లేట్ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. ఆ ఏడాది మెట్స్ వరల్డ్ సిరీస్ దాకా వెళ్లింది.

గేమ్‌లో టీమ్ మారడం జెర్సీ రంగు మారినంత తేలిక అనిపిస్తుంది. నిజంగా ఆడేవాళ్లకు అది ఇల్లు, ఊరు, పక్కనున్న మనుషులు మారిపోవడం. అందుకే వెళ్లే హక్కు కోసం ఒకరు, వెళ్లనని చెప్పే హక్కు కోసం ఇంకొకరు ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. 'రోడ్ టు ది షో' వెంటనే టీమ్ మార్చనివ్వకపోతే విసుగు రావడం సహజమే. కానీ ఆ విసుగులో కాస్తయినా నిజమైన బేస్‌బాల్ ఉంది. వచ్చే సీజన్ కాంట్రాక్ట్ ఆఫర్ స్క్రీన్ మీదకు వచ్చినప్పుడు జీతం అంకె కన్నా ముందు ఎన్నేళ్లు అనే గడి చూడండి. టీమ్ మారే తాళం చెవి ఉన్నది అక్కడే.